రాయితీ గొంతు

మార్చి 4

ఇవాళ మళ్లీ గొంతు అమ్ముకొచ్చాను. ఇలా అంటే మా ఆయనకి నచ్చదు. "రికార్డింగ్‌కి వెళ్లొచ్చానని చెప్పొచ్చు కదా" అంటారు. ఈ డైరీ ఆయన చదవరు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

స్టూడియో తలుపు మూసుకోగానే లోకం చప్పుడు తెగిపోతుంది. గోడల నిండా నల్లటి స్పాంజి. నీళ్ల అడుగున కూర్చున్నట్టు ఉంటుంది, కాకపోతే ఊపిరాడుతుంది. అద్దం అవతల సౌండాయన పెదాలు కదుపుతుంటాడు, మాట వినబడదు. చెయ్యి ఎత్తి దించుతాడు. ఆ చెయ్యి దిగగానే నేను మాట్లాడాలి. పెళ్లికి ముందు రేడియోలో అదే పని, తర్వాత రైల్వే స్టేషన్‌కి అదే పని. రైలు ఆలస్యంగా నడుస్తున్నందుకు చింతిస్తున్నామని ఇప్పటికీ అక్కడ చెబుతూనే ఉన్నాను, ఇంట్లో కూర తరుగుతున్నప్పుడు కూడా. ఒక్క రైలునైనా నేను ఆపిన పాపాన పోలేదు.

ఈసారి కరెంటాఫీసు వాళ్లు. ఈ నెలాఖరు బిల్లు నుంచి ధరలు మారుతున్నాయట. ఆ సంగతి ఊళ్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పాలి. వాళ్ల ఆఫీసరమ్మ స్వయంగా వచ్చింది. జుట్టు బిగించి ముడేసుకున్న మనిషి, చేతిలో ఫ్లాస్కు.

"భయపెట్టొద్దు, బతిమాలొద్దు. ఇంట్లో పెద్దక్క చెప్పినట్టు చెప్పండి" అంది.

చెప్పాను. "నమస్కారం. ఇకపై కరెంటు బిల్లు మొత్తం ముందుగా మీరే కట్టండి. తక్కువ కరెంటు వాడే వారికి రావలసిన రాయితీ నెలాఖరులోగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఎవరూ కంగారు పడనక్కర్లేదు."

చివరి ముక్క దగ్గర కొంచెం నవ్వితే బాగుంటుందనిపించింది. నవ్వాను. సౌండాయన బొటనవేలు చూపించాడు.

మార్చి 6

ఇంకో రెండు ముక్కలు మార్చాలని పిలిచారు. పని అయ్యాక ఆఫీసరమ్మ ఫ్లాస్కులో టీ నాకూ పోసింది. ఉన్న పద్ధతిలో ఏం తప్పొచ్చిందని అడిగాను.

"ఇప్పుడు అందరికీ చవగ్గా ఇస్తున్నాం కదా, ఎవరికి ఎక్కువ వెళ్తోందనుకుంటున్నారు? ఎక్కువ వాడేవాళ్లకే. గదికో ఏసీ ఉన్న ఇంటికి అన్ని ఏసీలకీ రాయితీ. ఒక్క ఫ్యానున్న ఇంటికి ఆ ఫ్యానుకే. మా దగ్గరేమో తీగలు మార్చడానికి కూడా డబ్బుల్లేవు. అందుకే రోజూ కోతలు. సాయంత్రమంతా రాని కరెంటు ఎంత చవకైతే ఎవరికి లాభం?"

నిజమే అనిపించింది. దారి పొడుగునా తేలిగ్గా నడిచాను. మంచి పనికే గొంతిచ్చాను.

మార్చి 30

కరెంటు బిల్లులు వచ్చాయి. పైన మాదీ, కింది పోర్షన్‌దీ. ఇల్లు మామయ్యది కాబట్టి రెండూ మామయ్య పేరునే వస్తాయి. ఒకటి కిందకి తీసుకెళ్లి ఇచ్చాను. కింద అద్దెకుండే అమ్మాయిని నేను చెల్లీ అనే పిలుస్తాను. ఆమె కుట్టుమిషను ఆపకుండానే "అక్కడ గుడ్డల మీద పెట్టక్కా" అంది. ఫ్యానంత కరెంటే తాగే మోటారు మిషన్లు మూడు, ఇద్దరు ఆడవాళ్లు పనికి. బడి యూనిఫారాల ఆర్డరు వచ్చిందట. నేలంతా నీలం గుడ్డ. కాలు ఎక్కడ పెడితే ఆకాశం తొక్కినట్టే ఉంది.

ఏప్రిల్ 1

ఇది రాసుకోవాలి, మరిచిపోకుండా.

పొద్దున్న పాలు పొంగుతుంటే మామయ్య ఫోను మోగింది. వెంటనే మా ఆయన ఫోను. కింద చెల్లి ఫోను. ఎదురింట్లో, పక్కింట్లో, రోడ్డు మీద వెళ్తున్న ఆటోలో. వీధంతా ఒక్కసారిగా మోగింది. ఎవరి ఫోను వాళ్లు ఎత్తారు, ఇంకెక్కడా చప్పుడు లేదు. అప్పుడు ప్రతి కిటికీలోంచీ నేనే. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట మీద ఉన్నాను. ఇక్కడ నమస్కారం అంటుంటే అక్కడ నెలాఖరులోగా అంటున్నాను. వానలా ఉంది. గరిటె పట్టుకుని వరండాలో నిలబడి నా గొంతులో నేను తడిశాను. పాలు పొంగిపోయాయి.

మామయ్య చివరిదాకా విన్నారు. కళ్లకి పొర వచ్చాక ఆయనకి చెవులే పెద్ద కాలక్షేపం. ఫోను పెట్టేసి, "మా కోడలే. ఇంట్లో మాత్రం ఇంత మర్యాదగా మాట్లాడదు" అన్నారు గోడకేసి.

మధ్యాహ్నం చెల్లి పైకొచ్చింది. మెడలో టేపు, బొటనవేలికి దారం చుట్టుకుని.

"నీ గొంతే కదక్కా?"

"నాదే."

"బిల్లు చూశావా? ఇదివరకటికి రెండింతలుంది. నాలుగో మిషనుకని దాచిన డబ్బులుంటే అవి తీసి కట్టేస్తాను. నెలాఖరుకి తిరిగొచ్చేస్తాయి కదా?"

"అందులో చెప్పారు కదా."

"అందులో చెప్పింది విన్నాను. నువ్వు చెప్పు."

"వస్తాయి" అన్నాను.

సరే అని వెళ్లిపోయింది. మెట్లు దిగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది.

ఏప్రిల్ 13

ఎండ. మధ్యాహ్నం పడుకుంటే కలొచ్చింది. నా గొంతు నన్ను లేపకుండా లేచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగింది. వీధిలో ఇల్లిల్లూ తిరుగుతోంది. అందరూ లోపలికి రమ్మని కుర్చీ వేసి మంచినీళ్లిస్తున్నారు. ఎవరో ముసలావిడ దాని చెయ్యి పట్టుకుని వదలడం లేదు. నేను కిటికీలోంచి పిలుద్దామంటే పిలవడానికి నా దగ్గర గొంతు లేదు. మెలకువ వచ్చేసరికి ఫ్యాను ఆగిపోయి ఉంది. కరెంటు పోయింది, అంతే.

ఏప్రిల్ 20

వారానికి రెండుసార్లు వీధంతా ఫోన్లలో నా గొంతే, జమ అవుతుంది, జమ అవుతుంది.

మే 2

మామయ్య ఫోన్లో ఏదో సందేశం వచ్చింది. చదివిపెట్టమని మా ఆయనకి ఇచ్చారు. ఆయన చాలాసేపు చూశారు.

"బ్యాంకు నుంచి. మన రాయితీ పడింది" అన్నారు.

"చూశావా, కోడలు చెబితే పడకుండా ఉంటుందా" అన్నారు మామయ్య.

నాకు చాలా సంతోషం వేసింది. కిందకి వెళ్లి చెల్లికి చెప్పాను, మాకు పడింది, నీకూ పడే ఉంటుందని. మిషను ఆపి ఫోను చూసుకుంది. లేదు. బ్యాంకుకి బ్యాంకుకీ ఒక రోజు తేడా ఉంటుందిలే అన్నాను.

మే 6

ఇంకా పడలేదట. బ్యాంకుకి వెళ్తే కరెంటాఫీసుకి వెళ్లమన్నారు. అక్కడ వరస చూసి తిరిగొచ్చేసిందట.

"నెలాఖరులోగా అన్నావు గానీ ఏ నెలాఖరో చెప్పలేదు కదక్కా" అంది నవ్వుతూ. ఆమె గట్టి మనిషి. ఆమెకి మొగుడు లేడు, ఉన్న రోజుల్లో కూడా పెద్దగా లేడు. అలాంటివన్నీ నవ్వుతూనే చెబుతుంది.

మే 9

కిరాణా కొట్లో అరకిలో చక్కెర అడిగాను. కొట్టాయన చేతిలో పొట్లం చేతిలోనే ఉంది, నా మొహంలోకి చూస్తున్నాడు.

"అమ్మా, ఇంకోసారి అడగండి."

"అరకిలో చక్కెర."

"రాయితీ గొంతు మీదే కదూ." కొట్లో ఉన్నవాళ్లందరూ తిరిగారు. "మాకింకా పడలేదండీ. ఎప్పుడు పడతాయి?"

నాకేం తెలుస్తుంది, నేను చదివేదాన్నే కదా అన్నాను. ఆ చెప్పడం కూడా ఫోన్లో చెప్పినంత అందంగానే వచ్చింది. ఒకాయన నవ్వాడు.

మే 11

ఇవాళ కొట్టుకి వెళ్లి సబ్బు వేలితో చూపించాను. అగ్గిపెట్టె వేలితో చూపించాను. మాట్లాడకుండా సరుకులు కొనడం హాయిగానే ఉంది. మూగవాళ్ల లోకంలో ఎండ కూడా మెత్తగా ఉంటుంది.

మే 15

మామయ్య కంటి ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకొచ్చారు మా ఆయన. ఆయన పనిచేసే ఆస్పత్రిలోనే. రెండేళ్లుగా ఈ నెల, వచ్చే నెల అంటూ వాయిదా వేస్తున్నది. డబ్బు ఎలా సర్దారని అడుగుదామనుకున్నాను. ఆయన భోజనం చేస్తున్నారు. తర్వాత అడగొచ్చులే.

మే 16

అడగలేదు.

మే 21

ఆపరేషన్ బాగా జరిగింది. మామయ్య ఒక కంటికి కట్టుతో మంచం మీద రాజులా ఉన్నారు. చెల్లి పండ్లు తెచ్చింది. "కట్టు విప్పాక మొదట నన్నే చూడాలి తాతగారూ, అదృష్టం కలిసొస్తుంది" అంది. ఆమె వెళ్లేటప్పుడు మా ఆయన తలెత్తలేదు. రిపోర్టులు సర్దుకుంటున్నారు. రెండే రిపోర్టులు, ఎంతసేపు సర్దుతారు.

అలిసిపోయి ఉంటారు.

మే 26

కింద మోటార్లు ఆగిపోయాయి.

రెండో బిల్లు కట్టలేకపోయింది చెల్లి. మొదటి నెల రాయితీ వస్తే దాంతో కడదామనుకుందట. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. మంచివాడే, "అమ్మా, నేను పీకకపోతే నా ఉద్యోగం పీకుతారు" అన్నాడు. పనికి వచ్చే ఇద్దరినీ ఇంటికి పంపేసింది. అటక మీంచి వాళ్లమ్మ తొక్కుడు మిషను దించుకుంది. బడులు తెరిచేలోగా యూనిఫారాలు ఇవ్వకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది.

మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకుని ఆ తొక్కుడు వింటూ ఉన్నాను. ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ మొదలవుతుంది. కళ్లు మూస్తే ఎవరో చాలా దూరం నుంచి నడుచుకుంటూ మా ఇంటికే వస్తున్నట్టుంది. ఎంతకీ రారు.

మా మీటరు మామయ్య పేరున ఉంది. మాకు పడింది.

చెల్లి మీటరు

మే 27

నిన్న మధ్యలో ఆపేశాను. ఇవాళ పూర్తిగా రాస్తాను.

చెల్లి మీటరు కూడా మామయ్య పేరునే ఉంది. ఆ కాగితం ప్రతి నెలా నా చేతులతో నేనే కిందకి తీసుకెళ్లి ఇస్తున్నాను.

సాయంత్రం మా ఆయన స్నానం చేసి వచ్చాక టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"ఏమండీ, మామయ్య ఖాతాలో పడింది ఒక మీటరుదా, రెండు మీటర్లదా?"

ఆయన కప్పు కింద పెట్టారు. "రెండిటిదీ."

"మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"చెల్లి బ్యాంకు చుట్టూ తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"నేను దొంగతనం చెయ్యలేదు. మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో వేస్తారు, అలాగే వేశారు. రూలు అది." కప్పు పక్కకి జరిపారు. "నాన్న కన్ను ఇంక ఆగదన్నారు డాక్టరు. ఇంట్లో ఉన్నదానికి అది కలిస్తే సరిపోయింది. వచ్చే నెల జీతం రాగానే ఇచ్చేద్దామనుకున్నాను."

"కనీసం ఒక మాట చెప్పొచ్చు కదా."

"ఎవరికి? నీకా? జమ అవుతుందని నువ్వే చెప్పావు. ఎవరి ఖాతాలోనో నువ్వూ చెప్పలేదు."

ఆయన ఆస్పత్రిలో పరీక్షలకి రక్తం తీసే మనిషి. సూది ఎక్కడ దించాలో తెలుసు.

పక్కగదిలోంచి మామయ్య గొంతు వచ్చింది. పడుకున్నారనుకున్నాం. "నా కంటికి ఆ పిల్ల కరెంటు తీశారట్రా?"

ఆయన లేచి తండ్రి దగ్గరికి వెళ్లారు. తలుపు వేసుకోలేదు. వెళ్లి చూస్తే మంచం అంచున కూర్చుని తండ్రి కాళ్లు ఒత్తుతున్నారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన్ని అలా చూడలేదు.

మే 29

ఆయన ఆస్పత్రిలో జీతం మీద అడ్వాన్సు తీసుకొచ్చారు. ఇద్దరం కిందకి వెళ్లాం. ఆయనే చెప్పారు, దాచకుండా, వంకలు పెట్టకుండా. నేను వెనక నిలబడ్డాను.

చెల్లి తొక్కుడు ఆపింది. కవరు తీసుకుని గుడ్డల మీద పెట్టింది. చాలాసేపు సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండిపోయింది.

"బావగారూ, తాతగారి కంటికని అడిగితే నేనే ఇచ్చేదాన్ని" అంది. తర్వాత నావైపు చూసింది. "డబ్బు సంగతి తీరిపోయిందక్కా. నువ్వు వస్తాయన్నావు చూడు, దాని సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం."

సాయంత్రానికి ఫ్యూజు వచ్చింది. మోటార్లు తిరిగాయి. ఆ రోజు కూనిరాగం మాత్రం వినబడలేదు.

జూన్ 1

చెల్లి మెట్ల దగ్గర ఎదురుపడింది. తలూపింది.

జూన్ 4

తలూపింది.

జూన్ 8

స్టూడియో నుంచి పిలుపు. ఆఫీసరమ్మ కాగితం ఇచ్చింది. "నమస్కారం. అర్హులైన అందరికీ రాయితీ జమ అయింది. సహకరించినందుకు ధన్యవాదాలు."

తలుపు మూసుకుంది. స్పాంజి గోడలు. సౌండాయన చెయ్యి దిగింది. నేను నోరు తెరిచాను.

రాలేదు.

జలుబు లేదు, గొంతు నొప్పి లేదు. నమస్కారం వచ్చింది, తర్వాతి మాట దగ్గర గాలి మాత్రం వచ్చింది. మళ్లీ చెయ్యి ఎత్తాడు, దించాడు. మళ్లీ గాలి. కలలో చెప్పులు వేసుకుని వెళ్లిన గొంతు ఏ ఇంట్లో కూర్చుందో అనుకున్నాను. ఎంత విచిత్రమంటే నాకేమీ భయం వెయ్యలేదు. ఆ నీళ్ల అడుగున కాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చాను.

"ఏమైంది, ఒంట్లో బాగోలేదా?" అంది ఆఫీసరమ్మ.

"ఇది నిజం కాదు మేడమ్." ఇక్కడ గొంతు బాగానే పనిచేసింది. "మా ఇంట్లో అద్దెకున్నామె రాయితీ మా ఖాతాలో పడింది. మా వీధిలో సగం ఇళ్లు అద్దెవే. మీటరు ఇంటివాళ్ల పేరున, కరెంటు అద్దెవాళ్లది. కొందరి మీటర్లు చనిపోయినవాళ్ల పేర్ల మీదున్నాయి. వాళ్ల డబ్బు ఎక్కడికి పోతోందో?"

ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ విన్నది. "తెలుసు. నేను రెండుసార్లు రాశాను పైకి. మొదట మొదలుపెడదాం, తర్వాత సరిదిద్దుదాం అన్నారు."

"మరి ఇది నన్నెందుకు చదవమన్నారు?"

"మీ గొంతైతే నమ్ముతారని" అంది. అన్నాక తనే తల దించుకుంది.

నేను సంచీ తీసుకుని బయల్దేరాను. మెట్ల దాకా వచ్చింది నా వెంట. "ధరలు ఖరారు చేసే మండలి ఈ నెలాఖరున బహిరంగ విచారణ పెడుతోంది. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. ఆ మాట నా కుర్చీలో కూర్చుని నేను అనలేను. మీరు అనొచ్చు."

సౌండాయన టేపు ఆపలేదట. నా గాలి మొత్తం రికార్డయింది. చెరిపెయ్యనా అని అడిగాడు. ఉంచుకోమన్నాను.

జూన్ 10

వేరే ఆవిడ చేత చదివించారట. చిన్నపిల్ల గొంతు, చక్కెరలా ఉంది. మామయ్య సగంలోనే పెట్టేశారు.

జూన్ 17

విచారణకి వెళ్లాలా వద్దా. నేను చదివేదాన్నే కదా.

ఈ వాక్యం ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. డైరీలో తక్కువే రాశాను. లోపల రాసుకున్నది లెక్కలేదు.

వెళ్తే ఇంక నన్నెవరూ రికార్డింగ్‌కి పిలవరు. ఆయనతో అన్నాను. "అయితే ఇంట్లో కొంచెం మాట్లాడతావన్నమాట" అన్నారు. చాలా రోజులకి నవ్వుకున్నాం. తర్వాత ఆయన, "మన సంగతి కూడా చెబుతావా?" అని అడిగారు. చెప్పకుండా ఎలా చెప్పను అన్నాను. తల గోక్కుని, "సరే. చెప్పేటప్పుడు నా ఉద్యోగం పేరు చెప్పకు" అన్నారు.

జూన్ 29

చీర కూడా మార్చుకోలేదు. రాసేస్తాను.

పెద్ద హాలు. వేదిక మీద మండలి వాళ్లు ముగ్గురు. పొద్దుటి నుంచీ ఒకరి తర్వాత ఒకరు. ఐసు ఫ్యాక్టరీ ఆయన వచ్చి పెంచిన ధర తగ్గించకపోతే మూసెయ్యాలన్నాడు. ఒక ప్రొఫెసరు గారు తగ్గిస్తే కరెంటు కంపెనీయే మూతపడుతుందన్నారు. పెద్ద బంగళాల సంఘం తరఫున ఒకాయన, రాయితీ అందరి హక్కు అన్నాడు. ఆయన మెడలో చెమట కూడా ఏసీ గదిలో పుట్టినట్టుంది. వింటున్నవాళ్లలో కొందరు కునుకు తీస్తున్నారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నాకూ కలలోలా ఉంది. నా వంతని పిలిస్తే ఎవరినో అనుకున్నాను.

మైకు ముందు నిలబడ్డాక ఏం చెప్పాలనుకున్నానో అంతా ఎగిరిపోయింది. అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

"నమస్కారం. ఇకపై కరెంటు బిల్లు మొత్తం ముందుగా మీరే కట్టండి. తక్కువ కరెంటు వాడే వారికి రావలసిన రాయితీ నెలాఖరులోగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఎవరూ కంగారు పడనక్కర్లేదు."

హాలంతా సర్దుకుని కూర్చుంది. కొందరు జేబులో ఫోన్లు తడుముకున్నారు. వెనక ఎవరో "ఆవిడే" అన్నారు.

వేదిక మీద పెద్దాయన కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఆ ఫోను మీరేనా అమ్మా? మా ఇంటికీ చేశారు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది.

"నేనేనండి. రాసిచ్చింది చదివాను. మా ఇంట్లో కింద బట్టలు కుట్టే ఆమె అద్దెకుంటుంది. నన్ను నమ్మి, మిషను కొనుక్కోవాల్సిన డబ్బుతో బిల్లు కట్టింది. ఆమె రాయితీ ఇంటివాళ్ల ఖాతాలో పడింది. ఆ ఇంటివాళ్లం మేమే. మాకు అవసరం ఉంది, వాడేసుకున్నాం. ఆమెకి కరెంటు తీసేశారు."

వేదిక మీద పెద్దాయన పెన్ను తీసుకున్నారు.

"మేం తిరిగిచ్చేశాం. ఇవ్వనివాళ్ల సంగతి నాకు తెలీదు. ఎక్కువ వాడేవాళ్లకి ధర పెంచారని నాకు కోపం లేదండి. పెంచండి. మాకూ కొంచెం పెరిగింది, కడతాం. కానీ పేదవాళ్లని ముందు కట్టమని, తర్వాత ఎవరి ఖాతాలోనో వెయ్యకండి. బిల్లులోనే తగ్గించి ఇవ్వండి. మీటరు ఎవరి పేరున ఉన్నా సరే, ఆ ఫ్యాను కింద ఎవరు పడుకుంటారో వాళ్లకే తగ్గుతుంది. మీటరు పేరు మార్చుకోవడం కూడా సులువు చెయ్యండి. అప్పటిదాకా జమ అయిందని ఎవరి చేతా చెప్పించకండి. జనం గొంతుని నమ్ముతారు."

దిగిపోతుంటే వరసల మధ్యలో ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. నన్ను చూడనట్టు ఒళ్లో కాగితాలు చూసుకుంటోంది. పెదవి చివర మాత్రం కదిలింది. హాలు చివర తలుపు దగ్గర ఆస్పత్రి యూనిఫారంలోనే ఆయన నిలబడి ఉన్నారు. వస్తానని చెప్పలేదు నాకు. ఆ పక్కన మామయ్య, నల్ల కళ్లద్దాలతో. ఆ పక్కన చెల్లి.

ఇంటికి నలుగురం ఒకే ఆటోలో ఇరుక్కుని వచ్చాం. మామయ్య దారిలో కనిపించిన బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చారు.

జూలై 5

స్టూడియో నుంచి ఫోను లేదు.

జూలై 12

స్టేషన్ ప్రకటనలు కూడా కొత్తావిడకి ఇచ్చారని సౌండాయన చెప్పాడు. మంచిదే. ఇంక ఆలస్యానికి నేను చింతించనక్కర్లేదు.

మధ్యాహ్నాలు పొడుగ్గా ఉన్నాయి. వాన పడుతోంది. కిటికీ దగ్గర కూర్చుని మామయ్యకి పత్రిక చదువుతున్నాను. ఆయనకి ఇప్పుడు కళ్లు కనిపిస్తాయి, అయినా నన్నే చదవమంటారు.

జూలై 24

పత్రికలో వచ్చింది. మండలి తీర్పు. పెంచిన ధరలు అలాగే ఉంటాయి. తక్కువ వాడేవాళ్లకి వచ్చే నెల నుంచి రాయితీ బిల్లులోనే తగ్గిస్తారు. అద్దెకున్నవాళ్లు ఇంటి యజమాని సంతకంతో మీటరు తమ పేరుకి మార్చుకోవచ్చు. ఈ మూడు నెలలవీ ఎవరి డబ్బు ఎటు పోయిందో విడిగా చూస్తామన్నారు. అది ఎప్పటికి తేలుతుందో. కొట్టాయనకి ఇంకా రాలేదు, తన అద్దె ఇంటివాళ్లతో గొడవ పడుతున్నాడట.

గెలిచామని అనను. కొంచెం తగ్గింది, అంతే.

జూలై 27

చెల్లి పైకొచ్చింది, మే నెల తర్వాత ఇదే మొదటిసారి. మీటరు పేరు మార్చే కాగితం తెచ్చింది. మామయ్య కిటికీ వెలుగులోకి జరిగి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు. చదివి, "ఇంక నాకు నీ బిల్లు రాదన్నమాట. నన్ను గుర్తుపెట్టుకునేది కరెంటాఫీసు ఒక్కటే, వాళ్ల దగ్గర కూడా సగమైపోయాను" అన్నారు. సంతకం పెట్టారు. మా ఆయన సాక్షి సంతకం పెట్టారు. అడక్కుండానే పెన్ను తీసుకున్నారు.

సెప్టెంబరు 2

ఈ మధ్య రాయడమే లేదు. బాగున్నప్పుడు డైరీ గుర్తుకురాదు. కరెంటాఫీసు వాళ్ల సహాయ కేంద్రంలో నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టింది ఆఫీసరమ్మ. ఇప్పుడు అవతల మనిషి ఉంటాడు, తిడతాడు, అడుగుతాడు. తెలీకపోతే తెలీదని చెబుతాను. జీతం తక్కువ.

ఇవాళ సెలవు. మధ్యాహ్నం వాన వెలిశాక చెల్లి తలుపు తట్టింది. తడి చేతులు తుడుచుకుని ఒక కాగితం ఇచ్చింది. ఆమె పేరున వచ్చిన మొదటి కరెంటు బిల్లు.

"తప్పులేమైనా ఉన్నాయా?" అన్నాను. రాయితీ తగ్గించారో లేదో చూశాను. తగ్గించారు. "సరిగ్గానే ఉంది, నువ్వు చదవగలవు కదా."

"చదివాను. నువ్వు చదువక్కా. ఫోన్లో చదివినట్టు."

"ఎందుకు?"

గడప మీద కూర్చుంది, మోకాళ్లు దగ్గరికి తీసుకుని. "ఏదీ నా పేరున రాలేదు ఇప్పటిదాకా. ఎలా వినబడుతుందో విందామని."

నేనూ పక్కన కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను. ముందు ఆమె పేరు చదివాను, తొందర లేకుండా. తర్వాత ఇంటి నంబరు, కింది పోర్షన్, వాడిన యూనిట్లు. చెల్లి కళ్లు మూసుకుని వింటోంది. చివరిదాకా చదివి ఆపాను.

"ఇంకోసారి" అంది. "పేరు ఒక్కటే చాలు."